పిల్లలతో కలిసి పాట వీడియో తీస్తున్నాం, పెదాలు పాటకు కలవట్లేదు, తెలిసినవాళ్లు చెప్పండి

కట్టమీది_నాన్న (నల్లగొండ):

అందరికీ నమస్తే. దసరా సెలవులు ఇచ్చారు, ఇంట్లో ఇద్దరు పిల్లలు, పాపకు 9, బాబుకు 5. సెలవులు మొదలైన రెండో రోజే పాప ఒక మాట పట్టుకుంది, నాయనమ్మ కోసం పాటతో ఒక వీడియో చేసి సద్దుల బతుకమ్మ రోజు చూపిద్దామని. మా అమ్మ దేవరకొండ దగ్గర పల్లెలో ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో ఈసారి బతుకమ్మ ఆడలేనని ముందే చెప్పేసింది. పాప ఆలోచన నాకూ నచ్చింది, సరే అన్నాను, అక్కడ మొదలయ్యాయి నా తిప్పలు.

శనివారం పానగల్లులో ఉదయసముద్రం కట్ట మీదికి పోయాం. నీళ్లు నిండుగా ఉన్నాయి, వెనక సీన్ బాగుంటుందని నా లెక్క. పాప దగ్గర బ్లూటూత్ స్పీకర్ పెట్టి సినిమా పాట వేసి, పాడినట్టు పెదాలు కదపమన్నాను. నేను బాగా దూరం నుంచి, నీళ్లు కూడా వచ్చేటట్టు, పాట మొత్తం ఒకే టేక్‌లో తీశాను. మొదటి రెండుసార్లు బాగానే చేసింది. మూడోసారి "ఇంకొంచెం నవ్వు బిడ్డా" అన్నందుకు మూతి ముడిచింది, నాలుగోసారి ఏడ్చింది. ఈలోగా చిన్నోడు ఎవరిదో మేకపిల్ల వెంట పడి పోయాడు, వాడిని వెతికి పట్టుకొచ్చేసరికి అరగంట.

ఇంటికొచ్చి ఫోన్‌లోనే ఎడిట్ చేసి అసలు పాట మీద పెట్టి చూస్తే మొదట్లో కొంచెం తేడా, చివరి చరణానికి వచ్చేసరికి పెదాలు ఒక దారి, పాట ఒక దారి. డబ్బింగ్ సీరియల్ లాగ ఉందని మా ఆవిడ నవ్వింది. పైగా పాప కళ్ల కింద నల్లగా నీడలు, మధ్యాహ్నం 12:30కి తీశాం మరి. ఇది స్పీకర్ తప్పా, ఫోన్ తప్పా, నా తప్పా? ఏ యాప్ వాడాలి, అయిదేళ్లవాడికి ఏం పని చెప్పాలి, యూట్యూబ్‌లో పెడితే ఏమన్నా ఇబ్బందా? సద్దులకు ఇంకా 7 రోజులుంది.

మిర్యాలగూడ_కెమెరా:

అన్నా, నేను పెళ్లి వీడియోలు తీస్తా, ఇదే లొల్లి మాకు రోజూ ఉంటుంది. స్పీకర్‌ను తిట్టకు. బ్లూటూత్ కొంచెం ఆలస్యం చేసినా ఏం కాదు, ఎందుకంటే పాపకు వినపడే పాటా, ఫోన్ మైకులో ఎక్కే పాటా ఒకటే కదా. నువ్వు ఎడిటింగ్‌లో అసలు పాటను అందాజుగా పెట్టి ఉంటావు, అది మొదటి తప్పు. వీడియోలో రికార్డయిన ఆ బొంగురు సౌండును తీసేయకుండా అట్లనే ఉంచి, దానికి అసలు పాటను కలుపు, రెండూ కలిసి ఒక్క గొంతులా వినపడ్డాక బొంగురుదాన్ని మ్యూట్ చేయి. ఇంకా సులువు కావాలంటే పాట పెట్టే ఫైలుకు ముందే ఒక చప్పట్ల దెబ్బ అతికించి పెట్టుకో. ఎడిటింగ్ యాప్‌లో సౌండు గీతలు కనపడే పట్టీ, అదే టైమ్‌లైన్‌లో, ఆ దెబ్బ ముల్లులా పైకి లేచి కనపడుతుంది, ముల్లుకు ముల్లు కలిపితే అయిపోయింది.

రెండోది దూరం. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లే పోతుంది. పాప, స్పీకర్ అక్కడున్నాయి, నువ్వు 35 మీటర్ల దూరంలో ఉన్నావనుకో, పాట నీ ఫోన్‌కు చేరేసరికి సెకనులో పదో వంతు ఆలస్యం. అంటే సెకనుకు 30 ఫ్రేముల (బొమ్మల) లెక్కలో మూడు ఫ్రేములు. పెదాల దగ్గర మూడు ఫ్రేములు జరిగితే చూసేవాళ్లకు ఎక్కడ తేడానో తెలియదు కానీ ఏదో తేడాగా ఉందని మాత్రం తెలిసిపోతుంది. దూరం షాట్లలో పెదాలు పెట్టకు, నడవడం, తిరగడం, నీళ్లు, ఇవి పెట్టు. పెదాలు కనపడేవి దగ్గర నుంచి తీయి.

మూడోది, చివరికి జారిపోవడం. ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు అని రాసుకుంటుంది కానీ కచ్చితంగా 30 తీయదు, వెలుతురును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. కొన్ని యాప్‌లు దాన్ని నికరంగా 30 అనే లెక్క వేసుకుంటాయి. పది సెకన్ల ముక్కలో అది తెలియదు, నాలుగు నిమిషాల పాటలో చివరికి బయటపడుతుంది. మందు ఒకటే, పాట మొత్తం ఒక టేక్‌లో తీయకు. రెండు లైన్లకు ఒక షాట్, ప్రతి షాట్ విడిగా కలుపుకో. పిల్లలకూ అదే మంచిది, రెండు లైన్లయితే ఎవరైనా నవ్వుతారు, నాలుగు నిమిషాలు నవ్వమంటే పెళ్లికొడుకులకే కాదు.

ఎండ గురించి ఏం చెప్తా, 12:30కి మేము పెళ్లికూతుర్ని కూడా బయటికి తీసుకురాము. సాయంత్రం 4:30 దాటాక పో, లేదంటే ఇంట్లోనే గడప లోపల నిలబెట్టి మొహం బయటికి తిప్పించు, వాకిట్లో వెలుతురు మెత్తగా పడుతుంది, కళ్ల కింద నీడ రాదు. రాత్రి ఇంట్లో తీస్తే కొన్ని బల్బుల కింద వీడియోలో చారలు పాకుతున్నట్టు వస్తాయి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. ఫోన్ కెమెరాలో సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉంటే షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుతురు పట్టే టైము, సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెట్టు, చారలు పోతాయి.

ఒక చిట్కా ఫ్రీగా ఇస్తా, పిల్లలకు పిచ్చి ఎక్కుతుంది. పాటను రెట్టింపు వేగంతో వేసి, దానికే పెదాలు కదపమని చెప్పి, 60 ఫ్రేములతో తీయి. తర్వాత వీడియోను సగం వేగానికి దించి 30లో అసలు పాట మీద పెట్టు. పెదాలు పాటతో సరిగ్గా కలుస్తాయి, జుట్టు, గౌను, పైకి చల్లిన పూలు మాత్రం స్లో మోషన్‌లో తేలుతాయి. తీసేటప్పుడు ఆ ఎలుక గొంతు పాట విని నవ్వాపుకోలేరు, అందుకే టేకులు ఎక్కువ పోతాయి, ముందే చెప్తున్నా.

యాప్ ఏదైనా ఒకటే అన్నా. కైన్‌మాస్టర్ ఫోన్‌లో చాలు, ఫ్రీది వాడితే మూలకు దాని పేరు పడుతుంది అంతే. ఇంట్లో కొంచెం గట్టి కంప్యూటర్ ఉంటే డావిన్చీ రిజాల్వ్ ఫ్రీగానే వస్తుంది, పేరు కూడా పడదు, కానీ నేర్చుకునేసరికి నీ సద్దులు దాటిపోతాయి.

రొట్టెల_పొయ్యి (మహబూబ్‌నగర్):

మిర్యాలగూడ తమ్ముడు చెప్పిందంతా నిజమే, కానీ నన్నడిగితే ఆ పెదాల ఆట మొత్తం పక్కన పెట్టేయండి అన్నయ్యా. మీ పాప నాలుగో టేక్‌కు ఏడ్చింది, మావాడు రెండో టేక్‌కే ఏడ్చాడు. ఇంకొకరు పాడిన పాటకు తన మొహం అతికించడంలో పిల్లకు సొంతంగా చేసే పనేముంది? ఆలోచన పాపది, కానీ కట్ట మీద పాట మీరు ఎంచారు, చోటు మీరు ఎంచారు, నవ్వు కూడా మీరే చెప్పారు. కోపం చేసుకోకండి, నేనూ అచ్చం అదే చేశాను, పిల్లలమర్రికి పోయి ఊడల మధ్య డాన్స్ తీద్దామని ఎండలో బయలుదేరి, ఆకుల సందుల్లోంచి మొహం మీద చుక్కలు చుక్కలుగా ఎండ పడుతుంటే ఒక్క షాటూ పనికిరాక ఇంటికొచ్చాం.

తర్వాత అసలైనది మా వంటింట్లో దొరికింది. ఎండాకాలం సెలవుల్లో మా అత్తమ్మ వచ్చి రోజూ రాత్రి జొన్నరొట్టెలు చేసేది. మాది జొన్నరొట్టె తినే ఇల్లు, ఆ చప్పుడు చిన్నప్పటి నుంచి వింటున్నా నేను ఎన్నడూ పట్టించుకోలేదు. రొట్టె చరుస్తుంటే మావాడు, 7 ఏళ్లు, పక్కన కూర్చొని అదే లెక్కలో పళ్లెం మీద చెంచాతో కొట్టడం మొదలుపెట్టాడు. మా పెద్దమ్మాయి, 11 ఏళ్లు, ఫోన్ తీసి పది సెకన్లు లెక్కపెట్టింది, 17 చరుపులు. అంటే నిమిషానికి దాదాపు 100, ఒక్కో దెబ్బకు 0.6 సెకను. తబలా వాయించేవాళ్లు కూడా అంత నికరంగా ఉండరేమో, అత్తమ్మకు ఆ సంగతి చెప్తే రొట్టె మాడుతుంది జరుగు అంది.

ఇక అక్కడి నుంచి ఇల్లంతా చప్పుళ్ల వేట. చాటలో జొన్నలు చెరిగితే సర్ సర్, రోట్లో కారం దంచే దెబ్బ, అత్తమ్మ గాజులు, స్టీలు బిందెలో నీళ్లు నిండేకొద్దీ సన్నబడే గొంతు. గాజు గ్లాసులు ఐదు వరుసగా పెట్టి నీళ్లు తక్కువెక్కువ పోసి చెంచాతో తడితే ఐదు స్వరాలు వస్తాయి, నీళ్లు ఎక్కువైతే స్వరం కిందికి దిగుతుంది, మీ చిన్నోడికి ఈ పని ఇవ్వండి, నీళ్లు పోసి తాగి మళ్లీ పోసి శ్రుతి చేస్తూ పూట గడిపేస్తాడు. కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు టీవీలో చూసి మావాడు మనమూ ఆయన వాయించే తీగల వాయిద్యం, 12 మెట్ల కిన్నెర, చేద్దామన్నాడు, సొరబుర్రలు ఎక్కడ తేవాలి, చెప్పుల డబ్బాకు సన్నవీ లావువీ రబ్బరు బ్యాండ్లు బిగించి ఇచ్చాను, అదీ పనికొచ్చింది.

రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపేయాలి, ఫ్రిజ్ కూడా కాసేపు ఆపితే మంచిది, అది గుయ్ అంటున్నట్టు మనకు తెలియదు, ఫోన్‌కు తెలుసు. ఫోన్‌ను మడత దుప్పటి మీద, చప్పుడుకు జానెడు దూరంలో పెట్టండి. బయట నీళ్ల దగ్గర వద్దే వద్దు. ఒకసారి నాగార్జునసాగర్‌లో గేట్లు ఎత్తారంటే పోయి పిల్లలు మాట్లాడుతుంటే వీడియో తీశాను, 26 గేట్ల హోరు తప్ప ఒక్క ముక్క వినపడదు.

చప్పుళ్లన్నీ ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వరుసలు వరుసలుగా పెట్టాం, అది కంప్యూటర్‌లో ఫ్రీ. కింద వరుసలో రొట్టె చరుపు, 0.6 సెకనుకు ఒకటి, దాని మీద రెండు దెబ్బలకొకసారి చాట, నాలుగింటికొకసారి రోకలి. బొమ్మ గురించి పెద్దగా తిప్పలు పడలేదు, ఎందుకంటే ప్రతి చప్పుడునూ వీడియోగానే తీశాం, తర్వాత వీడియో యాప్‌లో ఏ చప్పుడు ఎక్కడ పడుతుందో అక్కడ దాని ముక్క పెడితే సరిపోయింది. 1 నిమిషం 10 సెకన్ల వీడియో, ఆరు సాయంత్రాలు పట్టింది. అందులో రెండు సాయంత్రాలు కుక్కర్‌కే పోయాయి. ఆఖర్న కూత రావాలని పెద్దది పట్టుబట్టింది, కెమెరా పెట్టుకొని కూర్చుంటే కూత రాదు, విసుగొచ్చి ఆపేయగానే వస్తుంది. పప్పు రెండుసార్లు మాడింది.

ఇంకొక్క మాట, ఫోన్ పిల్లల చేతికివ్వండి. మీరు బిందె పట్టుకోండి, చాట చెరగండి, వాళ్లు చెప్పినట్టు చేయండి. అయిదేళ్లవాడు తీస్తే మనుషుల మోకాళ్లూ కోడిపిల్లలూ వస్తాయి, మనం ఆ ఎత్తు నుంచి ఇల్లు చూసి ఎన్నేళ్లయింది?

ఊరికే_చూస్తా:

యూట్యూబ్ గురించి ఎవరూ చెప్పలేదు. సినిమా పాట పెడితే ఈ పాట మాది అని ఆడియో కంపెనీ వాళ్ల క్లెయిమ్ ఆటోమేటిక్‌గా వచ్చి పడుతుంది, ఒక్కోసారి వీడియో బ్లాక్ కూడా అవుతుంది. ఇంట్లో చప్పుళ్లతో చేసుకుంటే ఆ గొడవ లేదు. కానీ పిల్లల మొహాలు ఊరంతా చూసేటట్టు పబ్లిక్‌లో పెట్టడం నాకైతే నచ్చదు. మా బంధువుల పిల్ల డాన్స్ వీడియో ఎవరో స్టేటస్ నుంచి దించుకొని పనికిమాలిన పేజీలో పెట్టారు, తీయించడానికి ఎన్ని రోజులు తిరిగారో. పెట్టే ఉంటే ప్రైవేట్‌లో పెట్టి, చూడాల్సినవాళ్ల మెయిల్ ఐడీలు మాత్రం ఇవ్వండి. అన్‌లిస్టెడ్ అంటే లింకు దొరికిన ఎవరైనా చూస్తారు, రెండూ ఒకటి అనుకోకండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలు వీడియోగా పంపితే నలిగిపోయి మసకగా పోతుంది. వెనక బడి బోర్డు, బండి నంబరు రాకుండా చూసుకోండి.

కట్టమీది_నాన్న:

అక్కా, మీరు రాసింది పాపకు చదివి వినిపించాను. "నేను అదే చెప్పిన కదా నాన్నా" అంది. ఏం చెప్పిందో నాకైతే గుర్తు లేదు. సినిమా పాట తీసేశాం. ఫోన్ లాక్కొని ఇప్పటికే తలుపు గొళ్లెం చప్పుడు పదకొండుసార్లు రికార్డు చేసింది. మిర్యాలగూడ తమ్మీ, 35 మీటర్లు కాదు, 50 ఉండొచ్చు, ఇప్పుడర్థమైంది. గ్లాసులు చిన్నోడికి అప్పజెప్పాం, రెండు పగిలాయి. బతుకమ్మ అందులో ఎట్లయినా రావాలి అంటోంది పాప, మరి పెద్ద బతుకమ్మ పేర్చేది సద్దుల రోజే కదా, వీడియో దానికి ముందే అయిపోవాలి. ఏం చేయాలి?

సూర్యాపేట_పిన్ని:

చిన్నది పేర్చండి బావా, సాసర్ అంతది, దానికి సద్దుల దాకా ఆగడమెందుకు. నేను మా అక్క పిల్లలతో పోయినేడు చేశాను, ఒక్కో ఫొటో తీసుకుంటూ, బతుకమ్మ తనంతట తానే పేర్చుకుంటున్నట్టు. సెకనుకు 10 ఫొటోలు చాలు. పైన అక్క చెప్పిన 0.6 సెకను లెక్క పట్టుకుంటే ఒక్కో దెబ్బకు సరిగ్గా 6 ఫొటోలు వస్తాయి, దెబ్బ పడినప్పుడల్లా ఒక వరుస పూలు పూర్తయ్యేటట్టు చూసుకుంటే పాటకే పూలు పేరుస్తున్నట్టుంటుంది. 20 సెకన్లకు 200 ఫొటోలు. స్టాప్ మోషన్ స్టూడియో అనే యాప్ ఉంది, వెనకటి ఫొటో లీలగా చూపిస్తుంది, ఎంత జరపాలో పిల్లలకే తెలుస్తుంది.

ఫోన్‌ను దేనికైనా గట్టిగా కట్టేయండి, మేము రోకలికి రబ్బరు బ్యాండుతో కట్టి రెండు కుర్చీల మీద అడ్డంగా పెట్టాం. స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్సూ వెలుతురూ లాక్ అవుతాయి, అది మర్చిపోతే ఫొటో ఫొటోకీ వెలుతురు మారి వీడియో మినుకు మినుకు మంటుంది. కిటికీ దగ్గర వద్దు, మబ్బు వచ్చి పోతుంటుంది. తెల్లచొక్కా కూడా వేసుకోకండి, మీరు ముందుకు వంగినప్పుడల్లా పూల మీద ఆ తెలుపు పడుతుంది, మాకు మొదటి 80 ఫొటోలు అట్లనే పోయాయి. చిన్నోడి పని, పువ్వు పెట్టి చెయ్యి తీసి "అయింది" అని అరవడం. ఆ అరుపు లేకుండా నొక్కితే ప్రతి రెండో ఫొటోలో చెయ్యి ఉంటుంది.

తంగేడు పూలు అప్పటికప్పుడు తెచ్చుకోండి, అడుగున గుమ్మడాకు ముందే పరిచి పెట్టుకోండి. మాకు రెండు గంటలు పట్టేసరికి మొదటి వరుస తంగేడు వాడి వేలాడింది, వీడియోలో చూస్తే కింద వాడుతూ పైన కడుతున్నట్టుంది. గునుగు, బంతి ఆగుతాయి, తంగేడు ఆగదు. మాకైతే మా దగ్గరి పెద్దగట్టు జాతరలో రికార్డు చేసి పెట్టుకున్న గజ్జెల లాగుల (గజ్జెలు కుట్టిన లాగులు) చప్పుడు ఉండె, దానికి కట్టాం, మీకు రొట్టెలున్నాయి కదా.

కట్టమీది_నాన్న:

సద్దుల రోజు ఊరి నుంచి రాస్తున్నా, కొంచెం అర్జెంటు. వీడియో అయింది, 1 నిమిషం 25 సెకన్లు. రొట్టెలు మా ఆవిడ, చాట నేను, గ్లాసులు చిన్నోడు, డైరెక్షన్ పాప. బతుకమ్మ 190 ఫొటోలు. మేకపిల్ల కూడా ఉంది, చిన్నోడు మళ్లీ కట్ట మీదికి తీసుకుపొమ్మని ఏడ్చి వాడే తీశాడు, చెవులూ మూతీ తప్ప ఏమీ కనపడదు, అయినా పాప తీసేయనియ్యలేదు. ఇప్పుడు సమస్య ఏంటంటే అమ్మది కీప్యాడ్ ఫోన్, టీవీకి పెన్‌డ్రైవ్ పెడితే సౌండ్ వస్తోంది, బొమ్మ రావట్లేదు. మీ రొట్టె చప్పుడే వినిపించి తీసుకుపోండి అంటోంది అమ్మ.

మిర్యాలగూడ_కెమెరా:

పాత టీవీ కదా, దానికి హెచ్265, అంటే వీడియోను కుదించి సేవ్ చేసే కొత్త పద్ధతి, తెలియదు అన్నా. ఎడిటింగ్ యాప్‌లో మళ్లీ సేవ్ చేసేటప్పుడు హెచ్264 అని పాత పద్ధతి ఉంటుంది, అది పెట్టు, సైజు 1080 చాలు, 4కే వద్దు. ఎంపీ4 గానే ఉండాలి.

కట్టమీది_నాన్న:

ఆడింది తమ్మీ, పేరు పేరునా అందరికీ దండాలు. అమ్మ మంచం మీద కూర్చొనే మూడుసార్లు చూసింది, మేకపిల్ల దగ్గర ఆపించి అది ఎవరి మేక అని అడిగింది. తర్వాత నన్ను పిలిచి, చాట అట్ల పడతారా, గింజలన్నీ కింద పోతున్నాయి, రేపు నేను చెరిగి చూపిస్తా మళ్లీ తీయండి అంటోంది. పాప ఇప్పుడే ఫోన్ చార్జింగ్ పెట్టింది.